ఆపిన బంతులకూ లెక్క ఉండాలి

(త్రైమాసిక సమీక్షా సమావేశంలో ఒక బ్రాంచి మేనేజరు చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక తెరమీద బ్రాంచీల ర్యాంకులు చూశాం. మాది చివరినుంచి మూడోది. సంజాయిషీ చెప్పే ముందు, రెండు నిమిషాలు ఒక గోల్‌కీపర్ గురించి చెబుతాను.

మెక్సికో ఆటగాడు గియెర్మో ఒచోవా. 2006, 2010 ప్రపంచ కప్ జట్లలో ఉన్నాడు. రెండుసార్లూ ఒక్క మ్యాచ్ ఆడకుండా బెంచీమీదే కూర్చున్నాడు. 2014లో అవకాశం వచ్చింది. జూన్ 17న ఫోర్తలేజాలో, బ్రెజిల్‌మీద. నెయ్మార్ తలతో కొట్టిన బంతి గోల్లోకి వెళ్లిపోతోందనగా పక్కకు దూకి చేత్తో తోసేశాడు. మ్యాచ్ 0-0. తెల్లారేసరికి ప్రపంచమంతా అతని పేరే.

విచిత్రమేమిటంటే ఆ రోజున అతనికి ఆడటానికి క్లబ్బే లేదు. ఫ్రాన్స్‌లో మూడేళ్లు ఆడిన అజాక్సియో క్లబ్బు కింది డివిజన్‌కు పడిపోయింది, ఒప్పందమూ ముగిసింది. తర్వాత స్పెయిన్‌లోని మలగా చేర్చుకుంది. అంత పేరున్నవాణ్ణి ఆ సీజన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్‌లోనూ దింపలేదు. కామెనీ అనే మరో కీపర్ బాగా ఆడుతున్నాడు మరి!

ఆదరణ ర్యాంకు అంటే అంతే. ఎంతమందికి పేరు తెలుసు, ఎంతమంది మెచ్చారు అన్నదే అది చెబుతుంది. ప్రపంచ కప్పు నెలలో పైకి లేస్తుంది, ఆ తర్వాత జనం మరిచిపోతారు. రోజూ పొద్దున్నే చేసే సాధన అందులో కనబడదు. ఆ సాధన ఉంది కాబట్టే నాలుగేళ్లకు, మళ్లీ జూన్ 17నే, జర్మనీమీద క్రూస్ ఫ్రీ కిక్‌ను ఆపగలిగాడు. 2022లో, 37 ఏళ్ల వయసులో, లెవాండోవ్‌స్కీ పెనాల్టీని ఆపాడు.

అయితే ఒక మాట దాచకూడదు. ఆ 2022లో మెక్సికో గోల్స్ తేడాలో వెనకబడి గ్రూపు దశలోనే ఇంటికి వెళ్లింది. ఆపితే చాలదు, గోల్స్ కొట్టాలి కూడా. మా డిపాజిట్లు తగ్గడానికి బాధ్యత నాదే. పెంచుతాం.

కానీ పోయిన నెల మా కౌంటరుకు ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. ఫోన్లో ఎవరో పోలీసులమని బెదిరిస్తే, ఫిక్సెడ్ డిపాజిట్ రద్దు చేసి మొత్తం పంపేయమన్నారు. ఆయన చేతులు వణకడం చూసి మా క్లర్కు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కొడుకుతో ఫోన్లో మాట్లాడించింది. జీవితకాలపు పొదుపు నిలిచింది. ఇందాకటి పట్టికలో దానికి గడి లేదు.

జోనల్ మేనేజర్ గారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే త్రైమాసికం నుంచి ఆ పట్టికలో 'ఆపిన మోసాలు' అని ఒక్క గడి చేర్చండి. అప్పుడు కూడా మేం చివరనే ఉంటే, మారు మాట్లాడను.

సెలవు.