స్క్లీరోడెర్మా: దినచర్య, డ్యూటీ మార్పు (కోల్‌కతా ప్రసంగ పాఠము)



చర్మము బిగుసుకొనిపోవు స్క్లీరోడెర్మా అంటువ్యాధి కాదు. పూర్తిగా నయము చేయు మందు లేదు. కనుక రోగి దినచర్యయే సగము చికిత్స. కోల్‌కతా చలి ఏపాటిదని కొందరు అధికారులు నవ్వుచున్నారు. పుష్యమాసపు తెల్లవారుజామున హౌరాలో తపాలా సంచులు మోయు చేతికి, ఏ.సి. గదిలో టిక్కెట్లు ఇచ్చు చేతికి ఆ చలియే చాలును. వేళ్లు తెల్లబడి, నీలమై, పిదప ఎర్రబడును. చేతి తొడుగులు మాత్రమే చాలవు, ఒళ్లంతయు వెచ్చగా ఉండవలెను. బీడీ, సిగరెట్టు మానవలెను. రోజూ నూనె రాసి వేళ్లు చాచి ముడవవలెను. రక్తపోటు ఇంటివద్దనే చూచుకొనవలెను. హఠాత్తుగా పెరిగినచో మూత్రపిండములకు ముప్పు, ఆనాడే డాక్టరును కలువవలెను.

డ్యూటీ మార్పు కోరుట బిచ్చము కాదు. ఉద్యోగకాలములో వైకల్యము సంభవించినవారిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను చెప్పుచున్నది. డాక్టరు ధ్రువపత్రముతో దరఖాస్తులను బ్రాంచి కార్యదర్శులకు అందజేయుడు. అధికారుల వద్దకు మేము వెంట వచ్చెదము.