వార్ధక్యమునకు ఏ వయస్సున ఎంత దాచవలెను?

(షోలాపురమున మన పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో ఏటేట పిల్లల చదువును గూర్చియే మాటలాడుట ఆచారము. ఈ యేడు కార్యవర్గమువారు వేఱొక విషయము చెప్పుమని మమ్ము కోరిరి. తల్లిదండ్రులు తమ ముసలితనమునకై ఏ వయస్సున ఎంత సొమ్ము దాచుకొనవలెను అనునది ఆ విషయము. పిల్లల బడిలో ముదిమి ప్రసంగమేల యని కొందఱకు నవ్వు రావచ్చును. కాని రెండు ఖర్చులును ఒకే పెట్టెలోనుండి తీయవలసినవే కదా! జూన్ నెలలో ఫీజు కట్టి, పుస్తకములును బట్టలును కొనిన పిమ్మట ఆ పెట్టెలో మిగులునది ఎంత? మిగిలిన దానిలో మన పాలు ఎంత? మేము మాటలాడదలచినది దీనిని గూర్చియే.

మన పూర్వులు మగ్గమును నమ్ముకొని తెలంగాణపు జిల్లాలనుండి యీ యూరికి వచ్చిరి. పింఛను అనునది వారెఱుగరు. ఎఱుగవలసిన యవసరమును వారికి లేకుండెను. తండ్రి చేయి వణకిన నాడు కొడుకు ఆ మగ్గము గుంటలోనే కూర్చుండెడివాడు. పనివాడు మాఱినను రాబడి ఇల్లు దాటలేదు. నేడు ఆ కొడుకు పూనాలోనో హైదరాబాదులోనో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అందులకు మేము చింతించుట లేదు. ఈ పాఠశాలను నిలుపుకొన్నది అందులకే. అయితే మగ్గము తండ్రినుండి కొడుకునకు వచ్చినట్లు ఉద్యోగము రాదు. కొడుకునకు అక్కడ ఇంటి యద్దె యున్నది, వాని పిల్లల ఫీజు ఉన్నది. వాడు మంచివాడే కావచ్చును. అయినను పంపదలచియు పంపజాలని నెలలు వానికి వచ్చుచుండును.

“పిల్లలే మాకు పింఛను” అని చెప్పువారు మనలో మిక్కుటముగా కలరు. తల్లిదండ్రులను పోషింపని సంతానమునుండి నెలకు 10,000 రూపాయల వఱకు భరణము ఇప్పించుటకు 2007లో చట్టము ఏర్పడినది. మంచిదే. కాని కన్నబిడ్డపై అర్జీ పట్టుకొని అధికారి గుమ్మము నెక్కదలచు తల్లి ఈ సభలో ఎవరైన కలరా?

ఇక లెక్కలోనికి వత్తము. మొదట ఒక చిన్న ఉపాయము చెప్పెదము. ఐదవ తరగతి పిల్లవాడును చేయగల లెక్క ఇది. 72ను వడ్డీ రేటుతో భాగించినచో, సొమ్ము ఎన్నేండ్లలో రెట్టింపగునో ఇంచుమించుగా తేలును. నూటికి 8 వడ్డీ యైన 9 ఏండ్లు, 6 అయిన 12 ఏండ్లు. ఈ లెక్క మన సొమ్మునకే కాదు, బజారు ధరలకును వర్తించును. ధరలు ఏటికి నూటికి 6 చొప్పున పెరుగుచున్నవనుకొనుడు. ఈనాడు 36 ఏండ్ల వయస్సు గల దంపతులు తమ యిద్దఱి తిండికి, మందులకు, దీపపు ఖర్చునకు నెలకు 12,000 రూపాయలు చాలునని తలచినచో, వారికి 60 ఏండ్లు వచ్చునప్పటికి అవే ఖర్చులకు 48,000 కావలసివచ్చును. ఈ సంఖ్య విని జడియవలదు; కూలియు జీతమును కూడ పెరుగుచుండును. దీనినుండి గ్రహింపవలసినది ఒక్కటే. నెలకు ఇన్ని రూపాయలని ఒకసారి నిశ్చయించుకొని ఇరువదేండ్లు అంతియే వేయుట చాలదు. రాబడిలో ఇన్నవ వంతు అని నిశ్చయించుకొనవలెను. రాబడి పెరిగిన, దాచునదియు పెరుగును.

వయస్సు మాట వచ్చినది. ఆలస్యమునకు వెల యెంతయో తెలియుటకు ప్రభుత్వమువారి పట్టిక యొకటి చాలును. 2015లో అటల్ పెన్షన్ యోజన యను పథకము ఏర్పడెను. 18 మొదలు 40 ఏండ్ల వఱకు వయస్సు గలవారు బ్యాంకు ఖాతా ద్వారా అందు చేరవచ్చును. ఆదాయపు పన్ను కట్టువారు మాత్రము 2022 అక్టోబరు 1 నుండి చేరరాదు. 60 ఏండ్లు నిండిన పిమ్మట నెలకు 5,000 రూపాయల పింఛను కావలెనన్న, 18వ ఏట చేరినవాడు నెలకు 210 రూపాయలు కట్టవలెను. 25వ ఏట చేరిన 376. 30వ ఏట 577. 35వ ఏట 902. 40వ ఏట 1,454. పింఛను అందఱికిని ఒక్కటే. మొత్తము కట్టినది చూడుడు. 18వ ఏట చేరినవాడు 42 ఏండ్లలో 1,05,840 రూపాయలు కట్టును. 40వ ఏట చేరినవాడు 20 ఏండ్లలోనే 3,48,960 కట్టును. సగము కాలము కట్టి మూడింతలకు పైగా చెల్లించుచున్నాడు!

ఈ పథకమున భర్త గతించిన భార్యకును, భార్య గతించిన భర్తకును అదే పింఛను సాగును. ఇద్దఱును లేని నాడు నామినీకి 8 లక్షల 50 వేలు ముట్టును. మంచి పథకమే. కాని దానినే నమ్ముకొని కూర్చుండరాదని మా అభిప్రాయము. ఇందాకటి లెక్కనే తీసికొనుడు: 24 ఏండ్ల పిమ్మట ఆ 5,000 రూపాయలకు వచ్చు సరకు, ఈనాడు 1,250 రూపాయలకు వచ్చు సరకు మాత్రమే. అది బియ్యమునకు ఆధారమగును గాని యిల్లు నడుపజాలదు. నెలకు 15,000 రూపాయలకు మించని రాబడి గల అసంఘటిత కార్మికులకు 2019లో ఏర్పడిన శ్రమయోగి మాన్‌ధన్ పథకము మఱియొకటి. అందు మనమెంత కట్టిన ప్రభుత్వమును అంత కలుపును, పింఛను 3,000. ప్రావిడెంటు ఫండు ఉన్నవారికి అది వర్తింపదు.

అయితే రాబడిలో ఎన్నవ వంతు దాచవలెను? సొంత యిల్లు గలవారిని దృష్టిలో నుంచుకొని మేము వేసిన అంచనా ఇది. 25వ ఏట మొదలుపెట్టినవారికి రాబడిలో ఏడింట ఒక పాలు చాలును. 35వ ఏట మొదలుపెట్టిన, ఐదింట ఒక పాలు కావలెను. 45 వఱకు ఆగినచో మూడింట ఒక పాలును దాటును. జీతమునుండి కోతపడు ప్రావిడెంటు ఫండును, యజమాని తన వంతుగా కట్టునదియు ఈ లెక్కలోనివే. కనుక మిల్లులోనో కార్యాలయములోనో ఆ కోత సక్రమముగా పడుచున్నవారికి భారము చాలవఱకు తీఱినట్లే. కోత లేనివాడు, అనగా పవర్‌లూమునందు వారపు కూలి తీసికొనువాడు, చిన్న దుకాణదారుడు, ఆటో నడుపువాడు తన చేతితో తానే కోసికొనవలెను. వారికి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు ఖాతా అనుకూలము. 1968నుండి ఉన్నది, ఏటికి 500 రూపాయలు కట్టినను ఖాతా నిలుచును, లక్షన్నర వఱకు కట్టవచ్చును, 15 ఏండ్లకు పక్వమగును. ఆ పిమ్మట ఐదేసి యేండ్లు పొడిగించుకొనవచ్చును.

అమెరికా దేశమున ఫిడెలిటీ యను సంస్థవారు ఒక కొలత చెప్పుదురు: 30 ఏండ్లకు ఒక యేటి జీతమంత, 40కి మూడేండ్ల జీతమంత, 50కి ఆఱేండ్లది, 67కి పదేండ్లది చేతనుండవలెనట. మన యువకులు కొందఱు దీనిని చదివి తలపట్టుకొనుచున్నారు. ఆ దేశమున 1935 చట్టము ననుసరించి వృద్ధులకు ప్రభుత్వ భృతి వేఱుగ వచ్చును. అక్కడి కొలతతో ఇక్కడ వారపు కూలిని కొలువ నేల?

ఈ సభలో నున్నవారిలో హెచ్చుమంది 30కిని 45కిని నడుమ వయస్సువారు. కష్టమంతయు ఇక్కడనే యున్నది. పిల్ల కళాశాలలో చేరుటయు, పిల్లవాడు పదవ తరగతి వ్రాయుటయు, తల్లిదండ్రులకు మోకాళ్ళ నొప్పులు మొదలగుటయు ఒకే సమయమున వచ్చును. “ఇప్పుడు కుదరదు, పిల్లలు స్థిరపడిన పిమ్మట దాచెదము” అనుట సహజము. నెలకు వేయి రూపాయలు నూటికి 7 వడ్డీకి వేసినచో ఏమగునో వినుడు. 25నుండి 60 వఱకు వేసిన, ఇంచుమించు 18 లక్షలు. 35నుండి వేసిన, 8 లక్షల 10 వేలు. 45నుండి వేసిన, 3 లక్షల 17 వేలు. కావున చదువుల నడుమ మానివేయుటకంటె, ఆ యేండ్లలో వేయికి మాఱుగా ఐదువందలైనను వేయుచుండుట మేలు. చదువునకు తగ్గింపుమని మేము చెప్పుట లేదు. పెండ్లిండ్లకు మాత్రము తగ్గింపుమనియే చెప్పుచున్నాము. ఒక్క పూట భోజనములకు తండ్రి పదేండ్ల పొదుపు కరగిపోవుట మనలో ఇంకను కనబడుచున్నది.

ఇక అప్పు గలవారి మాట. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవారు ముందు దానిని తీర్చవలెను. ఏటికి 36 వడ్డీ. 72ను 36తో భాగింపుడు. రెండేండ్లలో అప్పు రెట్టింపగును. ఒకచేత 7 వడ్డీకి దాచుచు, వేఱొకచేత 36 వడ్డీ కట్టుట చిల్లికడవలో నీరు పోయుటయే.

ఉద్యోగము మాఱినప్పుడెల్ల ప్రావిడెంటు ఫండు తీసివేసికొను అలవాటును గూర్చియు చెప్పవలెను. 30వ ఏట చేతికి వచ్చిన 40,000 చిన్న మొత్తముగనే తోచును, మోటారుసైకిలునకు సరిపోవును. 8 వడ్డీతో దానిని కదపకుండ ఉంచినచో 27 ఏండ్లలో మూడుసార్లు రెట్టింపై 3 లక్షల 20 వేలగును. క్రొత్త యజమాని ఖాతాకు మార్చుకొనవచ్చును. 2014లో వచ్చిన యూఏఎన్ సంఖ్య అందుకొఱకే.

యాభై దాటినవారికి మేము చెప్పగలది కొంచెమే. అప్పులు లేకుండ చూచుకొనుడు. ఇల్లు మీ పేరనే యుండనిండు. ఫండు చేతికి వచ్చిన రోజుననే పంపకములు చేయకుడు. పోస్టాఫీసులోను బ్యాంకులోను 2004నుండి వృద్ధుల పొదుపు పథకము కలదు. అందు ఐదు లక్షలు ఉంచినచో, 8 వడ్డీ యనుకొన్నను మూడు నెలలకు 10,000 చొప్పున వచ్చుచుండును, అసలు కదలదు.

ఇక అమ్మలతో ప్రత్యేకముగ ఒక మాట. బీడీలు చుట్టు తల్లులు ఈ సభలో చాలమంది కలరు. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి వేయి బీడీలు పూర్తిచేయు శ్రమ మేమెఱుగుదుము. కన్ను ఆనక, వ్రేళ్ళు ఆడక పని మానవలసిన దినము వారికి 60 ఏండ్లకంటె ముందే వచ్చును. ఇంటిలో కూర్చుండి చుట్టువారికిని ప్రావిడెంటు ఫండు చట్టము వర్తించునని సుప్రీంకోర్టు 1985లోనే తీర్పు చెప్పెను. బీడీ పరిశ్రమలో కోత నూటికి 10. యజమానియు అంతియే కట్టవలెను. కోత పడుచున్నదా, పడినది మీ పేరనే జమయగుచున్నదా యని ఏటికొకసారియైన విచారింపుడు. కంట్రాక్టరు మాఱిన, ఖాతా మాఱినదేమో యడుగుడు. చాలమంది తల్లులు భర్తకు ముందుగా చెప్పని పొదుపు ఒకటి యుంచుకొందురు. అది భిశీలోనో బంగారములోనో ఉండును. భిశీ పదిమంది నమ్మకముపై నడచునది. కుట్టు మిషను కొనుటకో ఫీజు కట్టుటకో మంచిదే, ముప్పది యేండ్ల పొదుపునకు పనికిరాదు. బంగారమునకు విలువ పెరుగవచ్చును గాని అది నెలనెల పింఛను ఈయదు. అమ్మవలసివచ్చినప్పుడు తరుగు పోవును, కుదువపెట్టినప్పుడు వడ్డీ పోవును.

కడపటి విషయము డబ్బును గూర్చినది కాదు, పేర్లను గూర్చినది. మన తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు వచ్చును. ఈ రాష్ట్రపు పద్ధతిలో అది చివర వచ్చును, నడుమ తండ్రి పేరో భర్త పేరో చేరును. అదే పేరు బడి పుస్తకమున ఒక విధముగ, రేషను కార్డున మరాఠీలో వేఱొక విధముగ, ఆధారు కార్డున ఇంగ్లీషు అక్షరములలో మఱియొక విధముగ నుండును. పెండ్లియైన ఆడపిల్లకు ఇంటిపేరును నడిమి పేరును రెండును మాఱును. ముప్పదియేండ్లు కట్టిన సొమ్మును తీసికొనబోయిన నాడు, ఆ కాగితములోని పేరు ఈ కాగితములో లేదని త్రిప్పి పంపుదురు. అట్లు నెలల తరబడి తిరిగినవారిని మేము చూచితిమి. సొమ్ము ఎక్కడికిని పోలేదు. ఒక్క అక్షరము దానిని ఆపినది.

దీనికి మొదలు మన బడి పుస్తకమే. వచ్చు జూన్‌లో ప్రవేశపత్రము నింపునప్పుడు, వెనుక వరుస ఎంత పెద్దదియైనను, పిల్లవాని ఆధారు కార్డును బల్లపై నుంచుకొని ఒక్కొక్క అక్షరము సరిచూచి సంతకము చేయుడు. మీ సొంత కాగితములలో భేదములున్నవారు, ఫండు పాసుబుక్కు, ఆధారు, బ్యాంకు పుస్తకము మూడింటిని తీసికొని ఈ సభ ముగియగనే ప్రక్క గదికి రండు. నామినీ పేరు వ్రాయించినారో లేదో కూడ అక్కడనే చూచెదము.