వంశావళి పుస్తకములో పేరు దొరకనివారు

ఈ వారము మన ధ్యానమునకు ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయము 61 నుండి 63 వచనములు తీసికొందాము. బైబిలు దగ్గర ఉన్నవారు తెరవండి. అంతా పేర్ల పట్టికే గదా అని ఈ అధ్యాయమును మనము దాటిపోతూ ఉంటాము. నేను కూడా చాలాసార్లు దాటిపోయినవాడినే.

బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారి లెక్క ఇది. మేము యాజకుల సంతానము అని చెప్పుకొనిన మూడు కుటుంబములవారు తమ వంశావళి గ్రంథములో పేర్లు వెదికారు. దొరకలేదు. దొరకనందున యాజకత్వమునుండి తొలగించబడ్డారు. వారిలో ఒక కుటుంబపు పూర్వికుడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెను పెండ్లి చేసికొని, మామగారి పేరుతోనే పిలువబడినవాడు. ఆ పేరు మార్పే చిక్కు తెచ్చినదని వాక్యము చెప్పదు. అయితే చెర, దూరదేశము, మారిన పేరు, ఈ మూడూ ఒక కుటుంబములో కలిస్తే వెదికేవారికి ఎంత కష్టమో ఒక ఉదాహరణ చెబుతాను, జాగ్రత్తగా వినండి.

ఐరోపాలో పోలండు అనే దేశమున్నది. 1772లో, 1793లో, 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యములు దానిని మూడు విడతలుగా పంచుకున్నాయి. 1918 వరకు స్వతంత్ర పోలండు పటములో లేదు. ప్రజలున్నారు, భాష ఉన్నది, గుడులున్నాయి, దేశము మాత్రము లేదు. ముఖ్యంగా 1870 తరువాత, 1914లో యుద్ధము వచ్చేవరకు, ఆ ప్రజలు లక్షలాదిగా అమెరికాకు ఓడలెక్కారు. వారి భాషలో ఆ వలసకు ఒక మాట ఉన్నది, 'రొట్టె కోసం' వెళ్లారు అంటారు. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని మీకు తెలుసు. ఆ రొట్టెల ఇంటిలో కరవు వచ్చి ఎలీమెలెకు, నయోమి మోయాబుకు వెళ్లలేదా? అదే ప్రయాణము.

ఇప్పుడు షికాగోలోనో డెట్రాయిట్‌లోనో ఒక మనుమరాలు కూర్చుని, మా ముత్తాత ఏ ఊరివాడు అని వెదుకుతుందనుకోండి. ఆమె పేరు చెప్పనక్కరలేదు, ఇలా వెదికేవారు వేలమంది ఉన్నారు. ఇంట్లో మిగిలినది ఒక పాత ఫోటో, ఒక ప్రార్థన పుస్తకము. అమెరికా జనాభా లెక్కలలో ముత్తాత పుట్టిన దేశము రష్యా అని ఉంటుంది. ఆయనేమో రష్యా భాష ఇంట్లో మాట్లాడినవాడు కాదు. పక్క వీధి పోలండు కుటుంబమునకు ఆస్ట్రియా అని, ఇంకొకరికి జర్మనీ అని వ్రాసి ఉంటుంది. 1890 లెక్కల కాగితములైతే 1921లో జరిగిన అగ్నిప్రమాదమువలన దాదాపు పూర్తిగా పోయాయి.

పేరు సంగతి ఇంకా చిత్రము. 1892 జనవరి 1న న్యూయార్కు దగ్గర ఎల్లిస్ ద్వీపములో వలసదారుల తనిఖీ కేంద్రము తెరిచారు. మా ఇంటిపేరు అక్కడి అధికారే మార్చేశాడు అని చాలా కుటుంబములు ఈనాటికీ చెప్పుకుంటాయి. అది నిజము కాదు. ప్రయాణికుల పట్టిక బ్రేమెన్, హాంబర్గ్ వంటి రేవులలో ఓడ కంపెనీవారు ముందే వ్రాసేవారు. ఎల్లిస్ ద్వీపములోని అధికారి దానిని చేతిలో పెట్టుకొని సరిచూసేవాడు, అంతే. పేర్లు మారినది ఆ తరువాత, ఫ్యాక్టరీలో, బడిలో, చాలాసార్లు వారి స్వంత చేతులతో. స్టానిస్లావ్ స్టాన్లీ అయ్యాడు, వోయ్‌చేఖ్ ఆల్బర్ట్ అయ్యాడు. అక్కడ అన్న కోవాల్‌స్కి అయితే చెల్లెలు కోవాల్‌స్కా. అమెరికాలో ఆ తేడా పోయి ఇద్దరూ కోవాల్‌స్కి అయ్యారు. అది కమ్మరి పనినుండి వచ్చిన పేరు, కొందరు ఇంగ్లీషులో కమ్మరి అని అర్థమిచ్చే స్మిత్ పెట్టుకున్నారు. మనము చేసికొనిన దానిని ఇంకొకరిమీదికి నెట్టుట ఏదెను తోటనుండి వస్తున్న అలవాటే గదా!

మరి ఊరి పేరు ఎక్కడ దొరుకుతుంది? 1907 తరువాత వచ్చినవారైతే ఓడ పట్టికలోనే దొరకవచ్చు. వెనుక ఊరిలో విడిచివచ్చిన దగ్గరి బంధువు పేరు, చిరునామా అందులో అడిగేవారు. 1906 చట్టము తరువాత పౌరసత్వపు కాగితములలో పుట్టిన స్థలము కూడా వ్రాయించేవారు. అంతకుముందు వచ్చినవారికి చాలాసార్లు ఒక్కటే దారి, గుడి రిజిస్టరు. ఆ వలసదారులలో యూదులు, లూథరన్లు కూడా ఉన్నారు గాని, ఎక్కువమంది రోమను కతోలికులు. వెళ్లినచోటెల్లా గుడి కట్టుకున్నారు. షికాగోలోని సెయింట్ స్టానిస్లాస్ కోస్త్కా విచారణ 1867లో మొదలైనదే. అక్కడ పోలిష్ భాష తెలిసిన పాదిరి పెండ్లి రిజిస్టరులో వధూవరుల పేర్లతోపాటు వారి స్వగ్రామము పేరు కూడా తరచుగా వ్రాసేవాడు. ప్రభుత్వానికి దేశము పేరు చాలు. కాపరి ఊరి పేరు అడిగాడు.

ఊరు తెలిసిన తరువాత ఆ ఊరి రిజిస్టరు. ఆస్ట్రియా ఏలిన గలీషియాలో అది లాటిను భాషలో, గడులు గీసి ఉంటుంది. రష్యా ఏలిన భాగములో ప్రతి పుట్టుక ఒక చిన్న కథలాగా, 1868 వరకు పోలిష్‌లోను తరువాత రష్యా భాషలోను వ్రాశారు. ఫలానా గంటకు ఫలానా ఊరి రైతు స్వయముగా వచ్చాడు, ఆయన వయస్సు ఇంత, వెంట ఇద్దరు సాక్షులు ఉన్నారు, బిడ్డను చూపించాడు, తల్లి ఫలానా, ఆమె పుట్టింటి పేరు ఫలానా, బిడ్డకు ఈ పేరు పెట్టబడినది. ఇదంతా వ్రాసిన తరువాత చివర ఒక మాట ఉంటుంది. వ్రాసినది తండ్రికిని సాక్షులకును చదివి వినిపించాము, వారికి వ్రాయుట రాదు గనుక మేమే సంతకము చేసితిమి అని.

ప్రియులారా, ఆ దృశ్యము ఒక్క నిమిషము కన్నులముందు పెట్టుకోండి. చలికాలము, బురద దారి, మైళ్లు నడిచి వచ్చిన రైతు టోపీ చేత పట్టుకొని నిలబడ్డాడు. కాగితముమీద ఏమి వ్రాస్తున్నారో అతనికి తెలియదు. తన బిడ్డ పేరు ఇంకొకరు వ్రాసి, చదివి వినిపిస్తే విని తల ఊపాడు. వందేళ్లు దాటిన తరువాత సముద్రము అవతలినుండి మునిమనుమరాలు వచ్చి ఆ గీతలమీద వేలు పెడుతుంది. ఆ రిజిస్టరుకు రెండవ ప్రతి ఒకటి వ్రాసి ప్రభుత్వానికి పంపేవారు. యుద్ధములో గుడి కాలిపోయినా కొన్నిచోట్ల ఆ ప్రతి మిగిలింది. రెండూ పోయిన ఊళ్లు కూడా ఉన్నాయి. పోలండు వంశావళి సంఘమువారు గెనెటెకా అనే సూచికను నడుపుతున్నారు. పాత రిజిస్టర్లలోని పేర్లను స్వచ్ఛంద సేవకులు జీతము లేకుండా, తమకు ఏ బంధుత్వము లేనివారికోసము, ఒక్కొక్కటిగా అందులో ఎక్కిస్తున్నారు. మంచి పని అంటాను నేను.

కొందరు మా పూర్వికులు ప్రభువుల కులమేమో అనే ఆశతో వెదుకుతారు. 1864 వరకు భూస్వామి పొలములో వెట్టి చేసిన రైతు దొరుకుతాడు. కొందరికి తండ్రి పేరు ఉండవలసినచోట తెలియదు అనే మాట దొరుకుతుంది. అంతులేని వంశావళులను గూర్చి పౌలు తిమోతిని ఎందుకు హెచ్చరించాడో ఇక్కడ తెలుస్తుంది. గొప్ప కోసము వెదికినవాడు సిగ్గుపడి పుస్తకము మూసివేస్తాడు. మత్తయి మొదటి అధ్యాయమును దేవుడు అలా మూయలేదు. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, అందరినీ ఉంచాడు.

ఇప్పుడు ఎజ్రా దగ్గరకు తిరిగి వద్దాము. పేరు దొరకని ఆ మూడు కుటుంబములకు అధికారి ఏమి చెప్పాడు? ఊరీము తుమ్మీము ధరించిన యాజకుడు వచ్చేవరకు అతి పరిశుద్ధమైనది తినవద్దు అన్నాడు. వారిని వెళ్లగొట్టలేదు, ఆగమన్నాడు. ఎంతకాలము ఆగారో ఎజ్రా చెప్పలేదు. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయము 14వ వచనము చూడండి. మన ప్రభువు యూదా గోత్రములో పుట్టినవాడు. ఆ గోత్రమునకు మోషే ధర్మశాస్త్రములో యాజకత్వమే లేదు. యాజకుల రిజిస్టరు తెరిచి వెదికితే యేసు పేరు అందులో దొరకదు! పేరు దొరకక బయట నిలబడినవారి వరుసలోనుండి మన ప్రధాన యాజకుడు వచ్చాడు. దేవునికి స్తోత్రము.

మీలో కొందరు నాకు వ్రాసే ఉత్తరములు నేను చదువుతున్నాను. యేసును నమ్మినందుకు ఇంటివారు రేషను కార్డులోనుండి పేరు తీయించారని ఒకరు, తండ్రి ఆస్తి కాగితములలో పేరు లేదని ఒకరు, నాన్న ఎవరో అమ్మ చెప్పకుండానే చనిపోయిందని ఒక చెల్లెమ్మ. చెల్లెమ్మా, నీ పేరు నీవు వ్రాసికోనక్కరలేదు. ఆ రైతుకు వ్రాయుట రాదు, అయినా అతని బిడ్డ పేరు పుస్తకములో ఉన్నది.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. మీ బాప్తిస్మపు రిజిస్టరు ఏ బీరువాలో ఉన్నది? చెదలు పట్టిందా? చదువు లేని మన తాతల పేర్లు, వారి ఊళ్ల పేర్లు ఒకరు కూర్చుని వ్రాసినది ఆ పుస్తకములోనే. ఈ ఆదివారము బయటికి తీసి, దుమ్ము దులిపి, ఇంకొక ప్రతి వ్రాయించండి.

ప్రార్థన చేద్దాము. పరిశుద్ధుడవైన తండ్రీ, ఏ పుస్తకములోను తన పేరు కనబడని నీ బిడ్డ ఈ సాయంకాలము రేడియో ప్రక్కన ఒంటరిగా కూర్చుని ఉంటే, నీవే ఆ బిడ్డను పేరు పెట్టి పిలువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.