చెరువు గట్టు మీద మన అడుగు

(నాంపల్లిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి వరకట్నం కేసుల గురించి, పనిచేసే చోట వేధింపుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను హుస్సేన్‌సాగర్ చుట్టూ నడవడం గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. "నడక కూడా ఒక హక్కేనా? డాక్టరు చెబితే నడుస్తాం, చెప్పకపోతే మానేస్తాం" అన్నారొకరు. నేను మాట్లాడదలచుకున్నది సరిగ్గా ఆ మాట గురించే. నడవడానికి మనకు డాక్టరు చీటీ ఎందుకు కావాలి?

మగవాడు సాయంత్రం గట్టు మీద రెండు గంటలు కూర్చుంటే ఎవరూ కారణం అడగరు. మనం మాత్రం ఏదో ఒక కారణం చెప్పాలి. షుగరుందని, పిల్లల్ని ఆడించాలని, గుడికని, కూరగాయలకని. "ఊరికే వచ్చాను" అనే జవాబు మనకు లేదు. ముంబయి నగరంలోని స్త్రీల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో 'వై లాయిటర్' అనే పుస్తకం తెచ్చారు. ఏ పనీ లేకుండా బహిరంగ స్థలంలో ఉండగలగడమే నగరం మీద స్త్రీకి ఉన్న హక్కుకు అసలు పరీక్ష అని వారి వాదన. ఆ పరీక్షను మన ఊళ్లో పెట్టి చూద్దాం.

మన చెరువు మన నగరం కంటే పాతది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్‌సాగర్ తవ్వించారు. చార్మినార్ కట్టి హైదరాబాద్ వెలిసింది 1591లో. మనం కూర్చున్న ఈ చోటు నుంచి చెరువు దగ్గరికి చేరడం కష్టం కాదు. ఆబిడ్స్ జీపీఓ దగ్గర బయల్దేరితే గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగ్, లిబర్టీ మీదుగా పాత అంబేడ్కర్ విగ్రహం దాకా వెళ్లొచ్చు. అక్కణ్ణుంచి ట్యాంక్‌బండ్ మొదలు. అది ఆనకట్ట కాబట్టి దారంతా చదును, ఎక్కుడు దిగుడు లేదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లూ మెల్లగా నడవొచ్చు. దారిలో రుద్రమదేవి, మొల్ల విగ్రహాలై నిలబడి ఉన్నారు. అంత దూరం వద్దనుకునే వాళ్లకు ఇక్కడే నాంపల్లిలో బాగ్-ఎ-ఆమ్ ఉంది. ఆ పేరుకే అందరి తోట అని అర్థం. నాంపల్లి స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే నెక్లెస్ రోడ్ స్టేషన్‌లో దిగొచ్చు. ఆ రోడ్డుకు 2021లో పీవీ నరసింహారావు పేరు పెట్టారు. దాని మీదుగా ఉత్తరానికి నడిస్తే సంజీవయ్య పార్కు వస్తుంది. 2023 డిసెంబర్ 9న ఆర్టీసీ బస్సుల్లో మనకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఛార్జీ డబ్బుల అడ్డు కూడా చాలామందికి తొలగింది.

దారి ఉంది, బస్సు ఉంది. మరి మనం ఎందుకు లేం?

ఆబిడ్స్ దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలను అడిగాను. "తొమ్మిది గంటలకు వదిలితే చెరువు దగ్గరికా మేడమ్? ఇంట్లో ఊరుకుంటారా?" అన్నారు. ఇళ్లలో పనిచేసే ఒక అక్క, "మూత్రానికి ఎక్కడికి పోవాలమ్మా? అందుకే నీళ్లు కూడా తాగకుండా తిరుగుతా" అంది. బురఖా వేసుకునే స్నేహితురాలు జనం చూపులతోనే అలసిపోతానంది. నా సంగతికొస్తే, ఒకసారి ఒక పార్కు గేటు దగ్గర నన్ను ఆపి, "ఎవరితో వచ్చారమ్మా?" అని అడిగారు. ఒక్కదాన్నే వచ్చానన్నాను. "చీకటి పడకముందే వెళ్లిపోండి" అని జాగ్రత్త చెప్పారు. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ నా వెనకే ఒంటరిగా వచ్చిన మగాయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక్కడ మన రాజ్యాంగం ఏమంటోందో చూడాలి. సమానత్వం అంటే చాలామందికి ఓటు, ఉద్యోగం గుర్తొస్తాయి. పదిహేనో అధికరణం రెండో క్లాజు చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడికీ బావుల దగ్గర, చెరువుల దగ్గర, స్నానఘట్టాల దగ్గర, రోడ్ల మీద, ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రజాస్థలాల్లో ఆటంకం గానీ షరతు గానీ ఉండకూడదని అందులో ఉంది. చెరువు అనే మాట, రోడ్డు అనే మాట రాజ్యాంగంలోనే ఉన్నాయి. 'షరతు' అనే మాట కూడా ఉంది. మగతోడు ఉండాలి, చీకటి పడకముందే వెళ్లాలి, ఒళ్లు కప్పుకోవాలి అనేవి షరతులు కావా? 2021లో ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. నిరసన వచ్చాక తీసేశారు. అలాంటి బ్యానరు కడితే ముందు ఇంటికి చేరేది ఆడపిల్లే.

ఆ అధికరణంలోకి చెరువు ఊరికే రాలేదు. ప్రజాస్థలాల్లోని నీళ్లు అంటరానివారికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చవదార్ చెరువు తెరుస్తున్నట్టు ప్రకటించింది. అయినా ఎవరూ ఆ గట్టు దిగలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత వాళ్ల మీద దాడులు జరిగాయి. కులం పెట్టిన హింస, మనందరి మీదా ఉండే ఆంక్షలు ఒకటేనని నేననడం లేదు. మనలోని దళిత స్త్రీలు రెండూ మోస్తున్నారు. కానీ కాగితం మీది హక్కు కాళ్లతో నడిస్తేనే నిజమవుతుందని మహద్ మనకు నేర్పింది. 2023 నుంచి అదే అంబేడ్కర్ 125 అడుగుల విగ్రహమై మన చెరువు ఒడ్డునే నిలబడి ఉన్నాడు.

నుమాయిష్ మీ అందరికీ తెలుసు. 1938లో బాగ్-ఎ-ఆమ్‌లో మొదలై, 1946లో ఈ నాంపల్లి మైదానానికి వచ్చింది. అందులో లేడీస్ డే ఉంటుంది. ఆ రోజు మన ఆడవాళ్లు ఎంత తేలిగ్గా నవ్వుతూ తిరుగుతారో చూశారుగా! సద్దుల బతుకమ్మ రాత్రి ట్యాంక్‌బండ్ చూడండి. దీపాలుంటాయి, పోలీసులుంటారు, వేలమంది ఆడవాళ్లుంటారు. అంటే ఏర్పాటు చేయడం సర్కారుకు చేతకాక కాదు. ఒక్కరోజు ఇచ్చేది కానుక, మూడు వందల అరవై అయిదు రోజులూ ఉండేది హక్కు. స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని అదే పదిహేనో అధికరణం మూడో క్లాజు చెబుతోంది. మరుగుదొడ్డి అడగడం దయ అడగడం కాదు.

రక్షణ పేరుతో మనల్ని ఇంట్లో కూర్చోబెట్టడం ఒక్క మన దగ్గరే లేదు. ఇంగ్లండులో లీడ్స్ ప్రాంతంలో వరసగా స్త్రీల హత్యలు జరుగుతుంటే పోలీసులు ఆడవాళ్లను రాత్రిళ్లు బయటకు రావద్దన్నారు. తప్పు చేసేది మగవాడైతే కర్ఫ్యూ మాకెందుకని 1977 నవంబరులో అక్కడి స్త్రీలు రాత్రిపూట వీధుల్లో నడిచారు. మన నగరంలో 2014లో షీ టీమ్స్ వచ్చాయి, మంచిదే. వెంటపడి వేధించడం 2013 నుంచి నేరం. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, పక్కవారికి చెప్పండి. అయితే కేసు పెట్టడం జరిగిన తర్వాతి సంగతి. జరగకుండా ఉండాలంటే గట్టు మీద మనం ఎక్కువమంది ఉండాలి.

అందుకే సుందరీకరణ పేరుతో మొక్కజొన్న కంకులు, పల్లీలు అమ్మే ఆడవాళ్లను తరిమినప్పుడు మనం ఊరుకోకూడదు. చీకట్లో మనకు ధైర్యం ఆ బండి మీది దీపమే. వాళ్లకు అది కూడు. 2021లో కొన్నాళ్లు ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపేస్తే పిల్లలతో, ముసలివాళ్లతో గట్టు నిండిపోయింది. జనం ఉన్న చోటే భద్రత.

మనం అడగాల్సినవి నాలుగే. చెరువు చుట్టూ రాత్రి దాకా నీళ్లుండే, తాళం వేయని మరుగుదొడ్లు. ఆరిపోని దీపాలు. కూర్చోవడానికి బెంచీలు. నడక దారులకు టికెట్ లేకపోవడం. ఈ నాలుగింటికీ అర్జీ రాసి తెచ్చాను, బల్ల మీద ఉంది. సంతకాలు చేయండి, వేలిముద్రలైనా సరే.

రెండో పని ఈ ఆదివారమే మొదలుపెడదాం. సాయంత్రం ఆరింటికి బాగ్-ఎ-ఆమ్ గేటు దగ్గర కలుద్దాం. లిబర్టీ మీదుగా ట్యాంక్‌బండ్ దాకా నడుద్దాం. ఏ దీపం వెలగడం లేదో, ఏ దొడ్డికి తాళం ఉందో రాసుకుందాం. అత్తగారిని తీసుకురండి, పక్కింటి అమ్మాయిని తీసుకురండి. ఎందుకు వెళ్తున్నారని ఇంట్లో అడిగితే, ఊరికేనని చెప్పండి.