కొండ తాగిన నీరు



మాస్టారి బల్ల మీద మూడు రాళ్లు ఉండేవి. ఆయన దగ్గర సోషల్ చదువుకున్నవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు, గుర్తుండే ఉంటుంది. మాస్టారు ఇంకు ఫిల్లరుతో నీళ్లు తీసి మొదటి రాయి మీద చుక్క వేసేవారు. అది జారి బల్ల మీద పడేది. నల్లగా, చేతికి బరువుగా ఉండే ఆ రాయి గరివిడి వైపు నుంచి తెచ్చిన మాంగనీసు. రెండోది ఇటుక రంగులో, శనగ గింజలు అతికించినట్టు బొడిపెలతో ఉండేది. దాని మీద వేసిన చుక్క కళ్లముందే మాయమయ్యేది. "తాగేసింది, చూసార్రా!" అనేవారు. అది గాలికొండ బాక్సైటు. మూడో రాయి సంగతి తరవాత చెబుతాను.

మన తూర్పు కనుమల రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైటు అంటారు. ఖోండు గిరిజనుల పేరే రాయికి పెట్టారు. పట్టాల్లో వాళ్ల పేర్లు ఎక్కడానికి ఎంత కాలం పట్టిందో చూస్తే, రాయికే ముందు దక్కిందనిపిస్తుంది. లక్షల ఏళ్ల వానలకి ఆ రాయిలో సిలికా కరిగి కొట్టుకుపోగా, అల్యూమినియం, ఇనుము మిగిలి కొండ నెత్తిన గుల్ల పొరగా నిలిచాయి. అదే బాక్సైటు. వాననీటిని ఆ పొర పీల్చుకుని, కింద బంకమన్ను తగిలిన చోట ఊటగా వదులుతుంది. ఎండాకాలంలో కూడా కొండమీద గెడ్డ పారుతోందంటే, అందులో నిరుటి వాన ఉంది.

అనంతగిరి కొండల్లో పుట్టిన శారద రైవాడ దగ్గర ఆగి, మన పొలాల మీదుగా అనకాపల్లి దాటి సముద్రంలో కలుస్తుంది. 2022లో జిల్లాలు విడదీశాక చిత్రం చూడండి: నది పుట్టేది అల్లూరి జిల్లాలో, రిజర్వాయరు అనకాపల్లి జిల్లాలో, ఆ నీళ్లు తాగే కుళాయిలు విశాఖ నగరంలో. నేనింకా మనది విశాఖ జిల్లా అనే అంటుంటాను, నోరు తిరగదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తోలిన చెరకులో చెమట మనది, నీరు మాత్రం కొండది.

ఖనిజం కథ మాత్రం మైదానంలోనే మొదలైంది. 1890ల్లో విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వారు. దేశంలో మాంగనీసు తవ్వకానికి అదే ఆరంభం. ఖనిజం ఓడలెక్కి పరాయి దేశాల ఉక్కు కొలుములకి పోయింది. కొండల జోలికి రావడానికి చాలాకాలం పట్టింది. దారుల్లేవు, మలేరియా ఉంది, వీటన్నిటితో పాటు చట్టమూ ఉంది. 1839లో ఒక చట్టం చేసి గంజాం, విశాఖ కొండల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా పెట్టి ఆయన కింద ఉంచారు. మనం ఈ రోజుకీ "ఏజెన్సీ" అంటున్నది ఆ ఏజెంటు పేరనే. 1917 చట్టం గిరిజన భూమి అనుమతి లేకుండా బయటివాళ్ల చేతికి పోకుండా అడ్డం పెట్టింది. 1959లో భూమి బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. శ్రీకాకుళంలో గిరిజన పోరాటం నడుస్తున్న రోజుల్లో, 1970లో దాన్ని సవరించి బిగించారు. అదే మన నోళ్లలో నానే 1/70.

అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. షావుకారు గిరిజనుడి భూమి కొనకూడదు సరే, సర్కారు తన చేతిలో ఉన్న భూమిని కంపెనీకి లీజుకిస్తే? అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో కాల్‌సైటు, మైకా గనులకి అలా లీజులిచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న జస్టిస్ కె. రామస్వామి రాసిన మెజారిటీ తీర్పు, ఆ రెగ్యులేషన్‌లో "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వమూ ఉంది అంది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు ఒప్పుకోలేదు. ఒక్క మాటకు అర్థం తేల్చి కొండల్ని కాపాడిన తీర్పు అది. మాస్టారు ఆ పేపరు కత్తిరించి అట్టపెట్టెలో దాచుకున్నారు.

ఆ తీర్పులోనే సందు కూడా ఉంది. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ తవ్వుకోవచ్చు, గిరిజన సహకార సంఘాలు తవ్వుకోవచ్చు. అందుకే 2005లో జిందాల్‌తో ఒప్పందం, 2007లో రస్ అల్ ఖైమాతో ఒప్పందం కుదిరినప్పుడు, తవ్వే పని ఏపీఎండీసీది, శుద్ధి చేసే పని కంపెనీది అని రాసుకున్నారు. తవ్వకం మొదలవకుండానే మాకవరపాలెంలో రిఫైనరీ లేచింది. బాక్సైటు దిగిరాలేదు. నర్సీపట్నం వైపు వెళ్లినవాళ్లు ఆ ఫ్యాక్టరీని చూసే ఉంటారు.

2015 నవంబరులో జీవో 97 వచ్చింది. చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు తవ్వకానికి ఇస్తామంది. మన్యం భగ్గుమంది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది, 2019లో జీవో రద్దయింది. "దేశానికి అల్యూమినియం వద్దా?" అని అడిగేవాళ్లున్నారు. అది తప్పు ప్రశ్న కాదు, కరెంటు తీగ మనింటికీ కావాలి. కానీ టన్ను అల్యూమినా తీస్తే ఇంచుమించు అంతే ఎర్రబురద మిగులుతుంది, కాస్టిక్ సోడా కలిసిన బురద. 2010 అక్టోబరులో హంగరీలోని అయ్‌కా దగ్గర ఆ బురద చెరువు గట్టు తెగి పదిమంది చనిపోయారు. పైన ఊట, కింద బురద. రెండిటి మధ్యా ఉన్న పల్లం మనది.

ఇంతవరకూ కొండ నెగ్గిన కథే చెప్పాను. ఓడిన కథ మనింటి దగ్గరే ఉంది. మైదానంలోని మెట్టలకి 1/70 లేదు, కొండదేవతకి జాతర చేసే జనమూ తగ్గారు. కంకర, గ్రానైటు చిన్న తరహా ఖనిజాలట. అయిదు హెక్టార్లలోపు క్వారీకి కూడా పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది 2012లో. అప్పటికే ఎన్ని మెట్టలు అరిగాయో! బాంబు పేలితే గోడలు బీటలు, క్రషరు తిరిగితే చెరకాకు మీద తెల్లబుగ్గి. ఆ బుగ్గిలోని సిలికా ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. టిప్పర్లు తిరిగీ తిరిగీ రోడ్డు పాడైతే దాన్ని పూడ్చడానికి మళ్లీ అదే మెట్ట కంకర.

మూడో రాయి చెబుతానన్నాను. బూడిదరంగు కంకర రాయి, మూడు వైపులా పదునైన అంచులు. మాస్టారు చిన్నప్పుడు గొర్రెలు తోలుకెళ్లిన మెట్టది. రిటైరయ్యాక ఒకసారి నన్ను అక్కడికి తీసుకెళ్లారు. మెట్ట ఉన్న చోట నలభై అడుగుల గొయ్యి, అడుగున పచ్చటి నీళ్లు. జేబులోంచి ఫిల్లరు తీసి ఒడ్డున కూర్చుని, ఒక రాయి మీద చుక్క వేశారు. అది జారి గోతిలో పడింది.