కర్ర పేరే దేశానికి పేరు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవారము. పటం మీద బ్రెజిల్ చూపించినప్పుడల్లా పిల్లలకు ఒక సంగతి చెబుతుంటాము. ఆ దేశం పేరు రాజుది కాదు, నదిది కాదు. ఒక ఎర్ర కర్రది. ఆ పేరుకు మొదటి హక్కుదారు మన వైపు కర్రే!

బట్టలకు ఎర్రరంగు వేయడానికి పనికివచ్చే చేవగల చెట్టు ఒకటి మన దేశంలో ఉన్నది. అరబ్బీలో, ఉర్దూలో దాన్ని బఖమ్ అంటారు, తెలుగులో బకము. మలబారు, సింహళం రేవులనుంచి అరబ్బు వర్తకులు ఈ కర్రను ఓడల్లో తీసుకుపోయేవారు. ఈజిప్టు మీదుగా అది వెనిస్ బజారుకు చేరేది. 13వ శతాబ్దం చివర వచ్చిన మార్కో పోలో కొల్లం బకమును మెచ్చుకున్నాడు. ఐరోపావాళ్ళు దానికి పెట్టుకున్న పేరు బ్రెజిల్. నిప్పుకణిక అనే అర్థమున్న మాటనుంచి అది పుట్టిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

1500 ఏప్రిల్ 22న పోర్చుగీసు నాయకుడు కబ్రాల్ కాలికట్టుకు వస్తూ, దారిలో అట్లాంటిక్ అవతలి తీరం చూశాడు. దానికి సిలువ పేరు పెట్టాడు. అయితే ఆ అడవుల్లో మన బకముకు చుట్టమైన చెట్టు, అదే ఎర్ర చేవతో, కోకొల్లలుగా కనబడింది. వర్తకం పెరిగేసరికి సిలువ పేరు వెనకబడి కర్ర పేరే నిలిచింది. అక్కడి టుపీ జనం ఆ చెట్టును 'ఇబిరపితంగ', అంటే ఎర్ర మాను, అనేవారు. నరికింది వాళ్ళు, మోసింది వాళ్ళు. వాళ్ళ మాటను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

శతాబ్దాల తరబడి నరికారు. 1978లో బ్రెజిల్ ఆ చెట్టును జాతీయ వృక్షంగా చట్టం చేసేనాటికి అడవిలో అది అరుదైపోయింది. పేరు పెరిగింది, చెట్టు తరిగింది.

అయ్యా, మన సంగతి కూడా చూసుకుందాము. చింతపల్లి అనే ఊళ్ళలో చింతలు, మామిడిపల్లి అనే ఊళ్ళలో మామిళ్ళు ఎన్ని మిగిలాయి? మన మొహల్లాలకు ఆ పేర్లు ఎందుకు వచ్చాయో చెప్పగల బుజుర్గులు ఇంకా మన మధ్య ఉన్నారు. పిల్లలు వారి దగ్గర కూర్చుని, అడిగి వ్రాసుకోవాలి. ఉర్దూలో వ్రాసినా సరే, తెలుగులో వ్రాసినా సరే. ఆ వ్రాతలకు వచ్చే ఏటి సంచికలో నాలుగు పేజీలు కేటాయించవలసిందిగా కార్యవర్గంవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.