ఫారెస్టు అను మాట

భద్రాచలమునకు ఎగువన, దుమ్ముగూడెము దారిలో నొక కోయ వృద్ధుని "అడవి యెంత దూరము తాతా?" అని నేనొకప్పుడు అడిగితిని. ఆయన తన గుడిసె వెనుకనున్న యిప్పచెట్టును చూపి, "అడవి ఇదే గదయ్యా! ఆ హద్దురాళ్ళ కవతలిది ఫారెస్టు" అనెను. రెండుచోట్లను చెట్లే. మరి భేదమేమి? అది యా మాట పుట్టుకలోనే యున్నది.

మన 'అడవి' సంస్కృతమందలి 'అటవి' నుండి వచ్చినది. 'ఫారెస్టు' లాటినులోని 'ఫోరిస్' నుండి పుట్టెనని పెక్కుమంది పండితుల మతము. ఫోరిస్ అనగా వాకిటి వెలుపల. పూర్వము ఐరోపాలో రాజు తన వేటకై, ఇతరులకు వెలుపలిదిగా ప్రత్యేకించుకొన్న భూమి ఫారెస్టు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఈ కట్టడి నచ్చట బిగించిరి. చెట్లులేని బీళ్ళును, పల్లెలును సైతము ఆ హద్దులలో చిక్కెను. అనగా మొదట ఫారెస్టు చెట్లకు పేరు కాదు, చట్టమునకు పేరు. దొరలు తిరుగబడిన పిదప, 1217లో నొక శాసనముచే అచ్చటి స్వతంత్రులకు మేపు హక్కు మొదలగునవి మరల దక్కినవి.

ఆ మాటయే 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో గోదావరి యెడమగట్టునకు వచ్చినది. భద్రాచలము తాలూకా యప్పుడు మద్రాసు రాజధానిలోనిది. కుడిగట్టున నైజాము రాజ్యము. అచ్చటివారు 'జంగ్లాతు' అనిరి. సంస్కృతమున 'జాంగల' మనగా నీరు తక్కువైన మెట్టనేల. అదియే ఇంగ్లీషువారి నోట 'జంగిల్' అయి దట్టమైన యడవిగా మారుట చిత్రము! పేరేదైనను, రిజర్వులో పోడు కొట్టినవాడు రెండు గట్టులందును నేరస్థుడే. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యము తిరుగబడుటకు ఇట్టి కట్టడులు ఒక ముఖ్యకారణము.

2006లో మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టమును చేసినది. 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి సాగులోనున్న గిరిజనునకు, 4 హెక్టారులకు మించకుండ, ఆ చట్టము హక్కు నిచ్చును. తునికాకు, వెదురు వంటివానిపైనను హక్కు గలదు. విచారణ మొదలగునది గ్రామసభలో. కాగితములేని యింటికి ఆధారమేమందురా? హక్కు కోరినవాడు గాక, ఇతర పెద్దలు చెప్పి వ్రాయించిన వాఙ్మూలమును సాక్ష్యముగా గైకొనవలెనని నిబంధన యున్నది.

కావున పెద్దలారా, ఎవరి తాత యే చెలకను దున్నెనో మీకు తెలియును. గ్రామసభకు పోయి, తెలిసినది తెలిసినట్లు చెప్పి వ్రాయింపుడు.